ఆ బిడ్డకు పాయింట్లెన్ని?

ఉత్తరాంధ్రలో మైదానము ముగిసి మన్యము మొదలగు చోట, కొండవాలున ముప్పది గడపలు గల ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో, వానలు పట్టిన ఒక జూలై మాసపు ఉదయమున నేను కొన్ని గంటలసేపు కూర్చుంటిని. ఒక గది, ఒక వసారా, గోడకు ఒక నల్లబల్ల. ఐదు తరగతులకును కలిపి పదునెనిమిది మంది పిల్లలు. వారందఱికిని ఒకే ఒక ఉపాధ్యాయిని. తొమ్మిది గంటలకు మొదలు కావలసిన బడి ఆనాడు తొమ్మిది గంటల నలుబది నిమిషములకు గాని మొదలు కాలేదు. పిల్లలు మాత్రము అంతకు ఎంతో ముందుగనే వచ్చి, వసారా ఊడ్చి, పలకలు తుడుచుకొని, దూలమునకు వ్రేలాడుచున్న ఇనుపముక్క చుట్టును గుమిగూడియుండిరి. "గంట ఎప్పుడు కొడతారు?" అని నేనడుగగా మూడవ తరగతి చదువుచున్న ఒక బాలిక నావంక వింతగా చూచి, "ఆటో సప్పుడు ఇనబడితే కొట్టేస్తాం" అని చెప్పినది.

కొంతసేపటికి ఆటో చప్పుడు వినబడెను, గంట మ్రోగెను. ఉపాధ్యాయిని చెప్పులకంటిన బురదను మెట్టుకు రాచి, ఫోను తీసి, సిగ్నలు దొరకు వేపచెట్టు క్రిందికి పోయి, తన ముఖమును దానికి చూపి హాజరు నమోదు చేసికొని, లోపలికి వచ్చి, నల్లబల్లను సుద్దతో నిలువుగా మూడు భాగములు చేసెను. ఒక భాగమున ఒకటి, రెండు తరగతులకు గుణింతములు. నడిమి భాగమున మూడవ తరగతికి తీసివేతలు. చివరి భాగమున నాలుగు, ఐదు తరగతులకు ఇంగ్లీషు పాఠములోని పదములు. ఒక భాగము వారికి చెప్పుచుండగా తక్కిన రెండు భాగముల వారు చూచి వ్రాసికొనుచుండవలెను. ఇంతలో వంటచేయు అమ్మ వచ్చి ఎన్ని గ్రుడ్లు ఉడికించవలెనని అడిగెను. ఆ లెక్క చెప్పి వచ్చులోపల గుణింతముల వారు పలకలపై బొమ్మలు గీసికొనుచుండిరి. మధ్యాహ్నము తిరుగు ప్రయాణములో ఆటో నడుపు యువకునితో మాట కలిపి ఆలస్యమునకు కారణమడిగితిని. "ఎనిమిది మంది ఎక్కితే గాని డీజిల్ కిట్టదు సార్. సంతరోజైతే బేగి నిండిపోద్ది. మిగతా రోజుల్లో మేడమ్ గారు కూకోవలసిందే" అని అతడు చెప్పెను. అనగా ఆ బడి వారమునకు ఒక్కనాడు, సంతనాడు మాత్రమే, సకాలమున తెఱవబడుచున్నదన్నమాట.

ఈ చిన్న సంగతి ఏ పట్టికలోను లేదు. బడుల వివరములను ప్రభుత్వము ఏటేట సేకరించు యూడైస్ పత్రములో ఆ బడి "ఉపాధ్యాయులు 1, విద్యార్థులు 18" అను రెండు అంకెలు మాత్రమే; ఆ రెండింటిని భాగించి చూచిన అధికారికి అది ముప్పదిమందికి ఒకరను నియమమును సునాయాసముగా నెఱవేర్చుచున్న బడి. హాజరు యాప్‌లోనో, ఆమె నిత్యమును ఆలస్యముగా వచ్చు ఉద్యోగిని. ఆలస్యమునకు హేతువు ఆమె శ్రద్ధాలోపమున గాక ఎనిమిదవ ప్రయాణికుని రాకలో నున్నదని తెలియవలెనన్నచో, ఆటో బయలుదేరు కూడలిలో ఒక ఉదయము నిలిచి చూచి, ఆటో వానిని, పిల్లను, తల్లిని, ఉపాధ్యాయినిని వేఱువేఱుగా అడిగి, వారు చెప్పినదానిని చెప్పినట్లుగా వ్రాసికొని, ఒకరి మాటతో ఒకరి మాటను సరిచూచు నేర్పు గల మనిషి కావలెను. అట్టి మనుష్యులను శాస్త్రము గుణాత్మక పరిశోధకులనుచున్నది. ప్రాథమిక పాఠశాలలకు ఉపాధ్యాయుల పంపకము న్యాయముగా జరుగవలెనని నిజముగా కోరు ప్రభుత్వములు ఇట్టివారిని జీతమిచ్చి, కాలమిచ్చి, స్వేచ్ఛ యిచ్చి నియమించుకొనవలెననునదే ఈ వ్యాసమున నేను చేయుచున్న విజ్ఞాపన.

అంకెలను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. ఈ విజ్ఞాపనకు మూలము అంకెలలోనే యున్నది. 2024-25 విద్యాసంవత్సరపు యూడైస్ ప్లస్ గణాంకముల ప్రకారము దేశములో బడిపంతుళ్ల సంఖ్య మొదటిసారిగా కోటి దాటినది. సగటున పునాది దశలో (రెండవ తరగతి వఱకు) 10 మంది పిల్లలకు ఒకరు, సన్నాహక దశలో (3 నుండి 5 తరగతులు) 13 మందికి ఒకరు ఉపాధ్యాయులున్నారు. ఇంతకన్న శుభవార్త యేమి కావలెను? కాని అదే నివేదికలోని మఱియొక పుట తిరుగవేయగా, ఒకే ఉపాధ్యాయునితో నడచుచున్న పాఠశాలలు 1,04,125 అనియు, వానిలో సుమారు 33 లక్షల 76 వేల మంది పిల్లలు చదువుచున్నారనియు, అట్టి పాఠశాలలు అన్ని రాష్ట్రముల కన్న ఆంధ్రప్రదేశ్‌లో నెక్కువగా 12,912 ఉన్నవనియు, తెలంగాణలో 5,001 ఉన్నవనియు తెలియుచున్నది. ఇంకొక పుటలో ఒక్క విద్యార్థియైన లేని బడులు దేశమున దాదాపు 8 వేలు కలవనియు, వానికి 20 వేలకు పైగా ఉపాధ్యాయులు లెక్కలో నున్నారనియు కనబడుచున్నది. పిల్లలు లేనిచోట గురువులు, గురువు సరిపోనిచోట పిల్లలు! సగటు అనునది ఏటికి అడ్డముగా నడువబోవు వానికి మోకాటిలోతని చెప్పు మాటవంటిది. మునిగిపోవువాడు సగటులో మునుగడు, మడుగులో మునుగును.

చట్టము ఈ విషయమున మౌనముగా నున్నదా యనిన, లేదు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము, ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వఱకు ఇద్దఱు ఉపాధ్యాయులు, 90 వఱకు ముగ్గురు, 120 వఱకు నలుగురు, 200 వఱకు ఐదుగురు ఉండవలెనని విధించినది. ఒక్కొక్క పాఠశాలలో ఖాళీలు పదవవంతుకు మించరాదనియు, జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర కార్యములకు ఉపాధ్యాయులను నియోగింపరాదనియు కూడ చెప్పినది. ఇందు గమనింపదగిన సంగతి యేమనగా, చట్టము జిల్లా సగటును గాని మండల సగటును గాని అడుగలేదు. ప్రతి బడిని అడిగినది. పదునెనిమిది మంది పిల్లలు గల ఆ కొండవాలు బడికి చట్టప్రకారము ఇద్దఱుండవలెను. రెండవవారు ఏల లేరను ప్రశ్నకు మాత్రము చట్టములో సమాధానముండదు. పోస్టు మంజూరు కాలేదా? మంజూరైనను ఎవరును కోరుకొనలేదా? కోరుకొని వచ్చినవారు డిప్యుటేషన్ పేరనో, వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరనో వేఱుచోట పనిచేయుచున్నారా? కాగితముపై మనిషి ఇచ్చటను, మనిషి వేఱొక ఊరను ఉండుట మన విద్యాశాఖలో ఎఱుగని వింత కాదు.

ఇక్కడ నొక మాట నిష్పక్షపాతముగా చెప్పవలసియున్నది. బదిలీలకు కౌన్సెలింగ్ పద్ధతి రాకపూర్వము ఉపాధ్యాయుల పంపకము ఎట్లు జరిగెడిదో పెద్దవారందఱు ఎఱుగుదురు. సిఫారసు ఉత్తరము సంపాదింపగలిగినవాడు పట్టణములోను, దిక్కులేనివాడు కొండమీదను ఉండెడివారు. ఆ పైరవీలకు కళ్లెము వేసి, సర్వీసును, బడి యున్న ప్రదేశమును లెక్కించి పాయింట్లిచ్చి, ఖాళీలను బహిరంగముగా ప్రకటించి, వరుసక్రమమున కోరుకొనుమనుట గొప్ప సంస్కరణము. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి నిబంధనలు పాఠశాలలను ఇంటి అద్దె భత్యమును బట్టియు, రోడ్డు వసతిని బట్టియు నాలుగు కేటగిరీలుగా విభజించి, మొదటి కేటగిరీలో పనిచేసిన ఏడాదికి 1, రెండవదానికి 2, మూడవదానికి 3, నాలుగవదానికి 5 చొప్పున పాయింట్లిచ్చినవి; ఎనిమిదేండ్లు ఒకేచోట నున్నవారికి బదిలీ తప్పనిసరి చేసినవి. 2025లో బదిలీల కొఱకు ప్రత్యేకముగా ఒక చట్టమే వచ్చినది. ఇదియంతయు మెచ్చదగినదే. అయినను, ఈ పద్ధతి యంతయు ఏ ఇరువురి నడుమ న్యాయమును తూచుచున్నదో ఒక్కసారి నిదానించి చూడవలెను. ఒక ఉపాధ్యాయునకును మఱియొక ఉపాధ్యాయునకును నడుమ న్యాయమును తూచుచున్నది. ఎక్కువ కష్టపడినవానికి ముందు కోరుకొను హక్కు, ఇది న్యాయమే. కాని ఒక బిడ్డకును మఱియొక బిడ్డకును నడుమ న్యాయమును తూచు త్రాసు అందులో లేదు. జాబితా చివరకు వచ్చునప్పటికి ఎవరును కోరుకొనక మిగిలిపోయిన బడిలోని ఆ మూడవ తరగతి బాలికకు పాయింట్లెన్ని? ఆమె సర్వీసును ఎవరు లెక్కించుచున్నారు?

ఈ రెండు న్యాయములును ఎల్లప్పుడు ఒకదానికొకటి శత్రువులు కావు; వానిని కలుపు దారి తెలియవలెనన్నచో "ఎందుకు?" అను ప్రశ్న అడుగవలెను. ఆ ప్రశ్న అడిగినపుడు అంకెల అర్థమే మాఱిపోవునని చెప్పుటకు మన దేశములోనే ఒక మంచి దృష్టాంతము కలదు. 2003లో ముందు చెప్పకుండ బడులకు పోయి చూచిన పరిశోధకులు దేశమున నలుగురు ప్రభుత్వోపాధ్యాయులలో ఒకరు బడిలో లేరని తేల్చిరి. ఆ సంఖ్య లోకమంతట ప్రచారమై, పంతుళ్లు బడికే రారను అపకీర్తిగా స్థిరపడిపోయినది. పిమ్మట 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వారు ఆరు రాష్ట్రములలో 619 బడులను చూచి, లేనివారు ఏల లేరో కూడ విచారించిరి. బడిలో లేనివారు నూటికి 18.5 మంది, కాని వారిలో శాఖాపరమైన పనులపై పోయినవారిని, శిక్షణలకు పిలువబడినవారిని, సెలవు పెట్టినవారిని తీసివేయగా, కారణము లేకయే ఎగవేసినవారు నూటికి రెండున్నర మంది మాత్రమే. రెండు అధ్యయనముల పద్ధతులు వేఱైనను, పాఠము ఒక్కటే: ఖాళీ కుర్చీని లెక్కించుట వేఱు, ఆ కుర్చీ ఏల ఖాళీగా నున్నదో తెలిసికొనుట వేఱు. మొదటిది మాత్రమే తెలిసిన ప్రభుత్వము దండించును. రెండవది కూడ తెలిసిన ప్రభుత్వము దిద్దును.

ఇట్టి పరిశోధనము విదేశములనుండి తెచ్చుకొనవలసిన వింత వస్తువేమియు కాదు. దీని వేళ్లు తెలుగునేలలోనే యున్నవి. 1940లో జోడెఘాట్ కొండలలో కొమరం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల అశాంతికి హేతువేమో తెలిసికొనదలచి నిజాం ప్రభుత్వము ఒక మానవశాస్త్రజ్ఞుని ఆదిలాబాదు అడవులకు పంపెను. ఆయన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. ఆయనయు, ఆయన సతీమణి బెట్టీ ఎలిజబెత్తును మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని గోండుల నడుమ నివసించిరి. వారి భాష నేర్చిరి. భూములెట్లు పోయినవో, అధికారులు వారితో ఎట్లు మెలగుచున్నారో, బిడ్డలు బడికి ఏల పోరో, చెవియొగ్గి వినిరి. ఆ వినికిడి ఫలితముగా 1943లో గోండు విద్యాపథకము పుట్టినది. దాని ముఖ్యసూత్రము మైదానమునుండి పంతుళ్లను పంపుట కాదు. నాలుగు అక్షరములు వచ్చిన గోండు యువకులను చేరదీసి, మార్లవాయిలో శిక్షణ యిచ్చి, వారినే వారి ఊళ్లకు ఉపాధ్యాయులుగా పంపుట. వాచకములు కూడ గోండీ భాషలోనే, దేవనాగరి లిపిలో సిద్ధమైనవి. ఏ ఊరికి ఎందఱు పంతుళ్లు కావలెనని లెక్కించి కూర్చున్నచో ఈ ఉపాయము ఎవరికిని తట్టి యుండదు. ఎవరైనచో ఆ ఊరిలో నిలుతురు, ఎవరి మాట ఆ బిడ్డకు అర్థమగును అని అడిగినందున తట్టినది. బెట్టీ ఎలిజబెత్ సమాధి నేటికిని మార్లవాయిలోనే యున్నది. ఏటేట ఆ దంపతులను గోండులు తమవారిగా స్మరించుకొనుచున్నారు. పరిశోధకునకు ఇంతకన్న యోగ్యతాపత్రము వేఱొకటి కలదా?

ఆ ఆలోచనయే పిదప వేఱొక రూపమున వచ్చినది. ఏజెన్సీ ప్రాంతములలో ఉపాధ్యాయులు నిలువకుండుటను గుర్తించి, 2000 జనవరి 10వ తేదీన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము జీవో 3 ద్వారా షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పోస్టులన్నియు స్థానిక గిరిజనులకే కేటాయించెను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నూటికి నూరుపాళ్ల రిజర్వేషను చెల్లదని దానిని కొట్టివేసెను. రాజ్యాంగపు ప్రశ్నను నిర్ణయించుట న్యాయస్థానముల పని. అందుపై నేను వ్యాఖ్యానింపబోను. కాని ఆ ఇరువది సంవత్సరములలో, ఊరివాడే పంతులైనపుడు బడి ఎట్లు మాఱినది, పిల్ల యింటిభాషలో ప్రశ్న అడుగగలిగెనా, పంతులు వానాకాలమున కూడ నిలిచెనా, ఎక్కడ ఈ ఏర్పాటు ఫలించెను, ఎక్కడ విఫలమయ్యెను అను వృత్తాంతమును గూడెము గూడెమునకు పోయి ఏటేట వ్రాసిపెట్టు ఉద్యోగి యొకడు ప్రభుత్వమున నుండవలసినది. అట్టివాడు లేకపోవుటచేతనే మనము ఒక విధానమును నమ్మకముతో ప్రారంభించి, తీర్పుతో ముగించుచున్నాము. నడుమ నేర్చుకొనుట యనునది జరుగుట లేదు.

ఇటీవలి అనుభవము కూడ దీనినే చెప్పుచున్నది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జీవో 117 ద్వారా ప్రాథమిక పాఠశాలలలోని 3, 4, 5 తరగతులను సమీపమున నున్న ఉన్నత పాఠశాలలలో కలుపుచు ఉపాధ్యాయుల సర్దుబాటు (రేషనలైజేషన్) చేసెను. చిన్న తరగతుల పిల్లలకు కూడ సబ్జెక్టు ఉపాధ్యాయుడు దొరకవలెనన్నది దాని వెనుకనున్న సదుద్దేశము. ఊరి బడి చిక్కిపోయినదని తల్లిదండ్రులును, ఉపాధ్యాయ సంఘములును ఘోషించిరి. 2025లో తరువాతి ప్రభుత్వము దానిని ఉపసంహరించి, బడులను వేఱొక తీరున పునర్వ్యవస్థీకరించెను. మూడేండ్లలో మూడు తరగతుల పిల్లలు అటు పోయి ఇటు వచ్చిరి. ఎనిమిదేండ్ల బిడ్డ జాతీయ రహదారి దాటి పోవలెనా, దారిలో వాగున్నదా, అక్క ఒక బడిలోను తమ్ముడు ఒక బడిలోను పడినచో తల్లి కూలికి ఏ వేళకు పోవును అను ప్రశ్నలు పటములో కిలోమీటరు గీత గీచినంతమాత్రమున తేలునవి కావు. జీవోకు ముందు ఒక ఏడాది, పదియూళ్లలో, వినువారు కూర్చుండి యుండినచో ఎంత కలవరము తప్పి యుండెడిది!

ఇతర దేశముల అనుభవము కూడ ఇదే వైపు చూపుచున్నది. ఆఫ్రికాలోని గాంబియా 2006లో మారుమూల బడులకు పోవు ఉపాధ్యాయులకు మూలవేతనముపై నూటికి 30 నుండి 40 వఱకు కష్టభత్యము నిచ్చి, శిక్షణ పొందినవారిని అచ్చటికి రప్పించుకొనగలిగెను. మలావియు గ్రామీణ భత్యము నిచ్చినది. కాని అది గ్రామీణ ఉపాధ్యాయులలో అత్యధికులకు సమానముగా దక్కుటచేత, అంగడి, కరెంటు, రోడ్డు గల కూడలికి దగ్గఱి బడియు, వాటికి దూరమైన బడియు ఒకే భత్యము పొందినవి. ఉపాధ్యాయులు కూడలికి దగ్గఱగానే చేరిరి. అచ్చటి పరిశోధకులు పిమ్మట పాఠశాలకును కూడలికిని గల దూరమును, ఆ కూడలిలోని వసతులను లెక్కించి కష్టమను మాటకు కొత్త నిర్వచనము చెప్పవలసివచ్చెను. కష్టమన నేమో ఆ కష్టము పడువారిని అడుగక నిర్వచించిన భత్యము గురి తప్పుననుటకు ఇది నిదర్శనము. మన నాలుగు కేటగిరీలు కూడ ఇంటి అద్దె భత్యమును, రోడ్డును చూచినవి గాని, ఆఖరి బస్సును చూడలేదు, మరుగుదొడ్డిని చూడలేదు, ఆ ఊరిలో ఒంటరి స్త్రీకి ఇల్లు అద్దెకు దొరకునా అని చూడలేదు. ఇల్లు దొరకకపోవుటకు కులమే కారణమైనపుడు, ఆ మాట వ్రాయుటకు ఏ ఫారములోను ఒక గడి యుండదు.

కావున ఎట్టివారిని, ఎట్లు నియమింపవలెనో కొంచెము వివరముగా చెప్పుదును.

మొదటిది భాష. ఉట్నూరులో గోండీ, కొలామీ తెలిసినవారును, సీతంపేటలో సవర భాష తెలిసినవారును, హైదరాబాదు పాతబస్తీలో ఉర్దూ తెలిసినవారును, మడకశిర అంచున కన్నడము తెలిసినవారును కావలెను. దుబాసి నడుమ నున్నచోట బిడ్డ సగము మాటయే చెప్పును. రెండవది, వారిలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెను. నేడు దేశమున ఉపాధ్యాయులలో సగముకన్న ఎక్కువమంది, నూటికి 54 మంది స్త్రీలే. ఒక బడిని తాము కోరుకొనకపోవుటకు కారణమును వారు పురుషాధికారి యెదుట "ఆరోగ్యరీత్యా" అని వ్రాసి ఊరకుందురు. సాటి స్త్రీ యెదుట నిజము చెప్పుదురు. మూడవది, ఎంపిక పద్ధతి. బహుళైచ్ఛిక ప్రశ్నలతో ఈ పనికి మనుష్యులను ఎన్నుకొనుట, ఈత వచ్చునో లేదో తెలియుటకు వ్యాసము వ్రాయించుట వంటిది. అభ్యర్థిని ఎఱుగని ఊరికి రెండు దినములు పంపి, అతడు వ్రాసి తెచ్చిన నోటుపుస్తకమును చూడవలెను. తన అభిప్రాయమును, విన్న మాటను వేఱుచేసి వ్రాసినాడా? సర్పంచి ఇంటివద్దనే ఆగిపోయినాడా, బావివద్దకును చేరినాడా? తన ఊహకు విరుద్ధమైన సంగతి కనబడినపుడు దానిని దాచినాడా, ముందు పెట్టినాడా? యోగ్యత అచ్చట తేలును.

నాలుగవది కాలము. ఫారమునకు ఇంత యని కూలి యిచ్చి, వారము దినములలో మండలమును చుట్టి రమ్మను ఏజెన్సీ పద్ధతి ఇచ్చట పనికిరాదు. జూన్‌లో బడి తెఱచిన నాటినుండి ఏప్రిల్ వఱకు, ఒక పూర్తి విద్యాసంవత్సరము పరిశోధకుడు ఆ కొద్ది ఊళ్లలో మసలవలెను. వాగు పొంగిన దినమును, కోతల వేళ సగము బడి పొలమునకు పోయిన దినమును, ఉపాధ్యాయిని కాంప్లెక్స్ సమావేశమునకు పోగా బడికి తాళము పడిన దినమును కన్నులార చూడవలెను. అతనికి జీతము జూనియర్ లెక్చరరుకు తక్కువ కాకుండ ఉండవలెను; లేనిచో మంచివాడు రాడు, వచ్చినను నిలువడు. ఉపాధ్యాయుడు నిలువకపోవుటకు కారణములు వెదకబోవువానినే నిలువకుండ చేయుట ఎంత అసంగతము!

ఐదవది, అన్నిటికన్న ముఖ్యమైనది, నమ్మకము. ఈ పరిశోధకుడు ఎంఈఓకు గాని, డీఈఓకు గాని లోబడినవాడు కారాదు. విశ్వవిద్యాలయము నీడన నుండి శాసనసభా సంఘమునకు నివేదించువాడు కావలెను. ఎవరేమి చెప్పిరో ఆ పేర్లు శాఖ చేతికి చేరరాదు. తాను చెప్పిన మాట రేపటి బదిలీలో తనకే ఎదురు తిరుగునను భయమున్న ఉపాధ్యాయిని "అంతా బాగున్నది" అని మాత్రమే చెప్పును. అట్లే, విన్నదంతయు వేదవాక్యమని పరిశోధకుడును తలపరాదు; వెళ్లిపోయిన ఉపాధ్యాయుని, కోరుకొనక తప్పించుకొన్న ఉపాధ్యాయుని, పాఠశాల కమిటీలోని తల్లిని, వంటచేయు అమ్మను, బడి మానిన పిల్లవానిని కూడ విని, ఒకరి మాటను ఒకరి మాటతో ఒఱసి చూడవలెను. కడపటిది, వారి నివేదిక బీరువాలో నిద్రింపరాదు. తరువాతి రేషనలైజేషన్ ఉత్తరువు వెలువడుటకు ముందు అది ప్రచురింపబడవలెను. అందలి ఒక్కొక్క అంశమునకు ప్రభుత్వము వ్రాతపూర్వకముగా సమాధానము చెప్పవలెను.

దీనికి వచ్చు ఆక్షేపణ నాకు తెలియును: బడులలో పంతుళ్లే లేనపుడు పరిశోధకులకు జీతములా? ఈ ఆక్షేపణ హృదయమున పుట్టినది కావున గౌరవముతోనే సమాధానము చెప్పవలెను. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకును, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకును ప్రకటన వెలువరించినవి. రెండును కలిపి 27,409. పూర్వపు ఇరువది మూడు జిల్లాలకు జిల్లా కిద్దఱు చొప్పున పరిశోధకులను నియమించినచో నలుబది ఆఱుగురు. ఇరువది యేడు వేలమంది ఎచ్చట నిలుతురో, ఎచ్చటినుండి ఏల తొలగిపోవుదురో తెలిసికొనుటకు నలుబది ఆఱుగురు ఎక్కువా? విత్తనములకు ఇంత వెచ్చించి, నేల యెట్టిదో చూచుటకు పిడికెడు మన్ను తీయని రైతు మన పల్లెలలో ఎచ్చటనైన నున్నాడా?

ఒక ఊరి కథ ఒక ఊరికే చెల్లును గాని రాష్ట్రమంతటికిని ఎట్లు చెల్లునని మఱికొందఱందురు. నిజమే, కథ అంకెకు ప్రత్యామ్నాయము కాదు, అంకెకు కన్ను. 2002 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల జీవితములను వెన్నంటి వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనము అంకెలను, ఆ పిల్లల సొంత మాటలను రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినది. అంతకు ఎంతో ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయమున నుండిన ఎస్.సి. దూబే, సహచరులతో కూడి శామీర్‌పేటను పరిశీలించి 1955లో ప్రచురించిన గ్రంథము, ఒక్క ఊరిని లోతుగా చూచినవాడు దేశమునకు ఎంత నేర్పగలడో లోకమునకు చూపినది. తెలుగునేల ఈ విద్యకు పుట్టిల్లు వంటిది. దానిని మన బిడ్డల బడికొఱకు వినియోగించుకొనుటయే మిగిలియున్నది.

ఆ కొండవాలు బడికి రెండవ ఉపాధ్యాయుడు కావలెను. ఆ విషయమున సందేహము లేదు, చట్టమే చెప్పుచున్నది. కాని రెండవవారు రాకముందే చేయదగిన పని యొకటి కలదు. ఉదయము ఎనిమిదిన్నరకు ఆ కూడలినుండి కదలవలసిన ఆటోకు ఎనిమిదవ ప్రయాణికుని చార్జీని ప్రభుత్వము చెల్లించినచో, సంత లేని ప్రతి దినమును పదునెనిమిది మంది పిల్లలకు నలుబది నిమిషముల చదువు దక్కును. వారమునకు ఆఱు దినములు నడచు బడిలో ఐదు దినములు. లెక్కించి చూచినచో అది వారమునకు మూడు గంటలకు పైబడిన చదువు. ఈ మందు కనుగొనుటకు ఏ విశేష మేధయు అవసరము కాలేదు. ఆటో వానిని అడిగిన మనిషి ఒకడు అవసరమయ్యెను, అదియును యాదృచ్ఛికముగా దారిని పోయినవాడు. పదునేడు వేలకు పైబడిన మన రెండు రాష్ట్రముల ఏకోపాధ్యాయ పాఠశాలలలో ఒక్కొక్కదానికి తనదైన యొక ఎనిమిదవ ప్రయాణికుడుండును. అతడెవరో అడిగి వచ్చు ఉద్యోగమును ప్రభుత్వములు నేడే సృష్టించునుగాక. ఆ మూడవ తరగతి బాలిక తన గంటను తొమ్మిదింటికే కొట్టుకొనును.